గద్దె కింది పెట్టె

ఆ షాపులో పని చేయాలంటే నేను నేల మీద మోకాళ్లూని కూర్చోవాలి. వేరే దారి లేదు. వరంగల్ చౌరస్తా నుంచి లోపలికి పోయే ఓ గల్లీలో విత్తనాలూ పురుగుమందులూ అమ్మే పాత దుకాణం అది. ఆ ఇంటి పెద్దాయన కూర్చునే చెక్క గద్దె కింద, చెప్పుల డబ్బా అంత నల్లటి పెట్టె ఒకటి ఉంటుంది. అదే వాళ్ల సర్వర్. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. సన్నగా తిరిగే ఫ్యాను, ఒక చిన్న పచ్చ దీపం, అంతే. నా ల్యాప్‌టాప్ వైరు దానికి తగిలించాలంటే తల గద్దె కిందికి పెట్టాల్సిందే. "మా పెట్టెకు దండం పెట్టంది పని కాదు బిడ్డా" అని పెద్దాయన నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. నలభైకి దగ్గరపడ్డ మోకాళ్లు నావి.

ఆ పెట్టెకు ఒకటే పని. పత్తి గింజల ప్యాకెట్ మీద లాట్ నంబరు అని ఒకటుంటుంది. ఒకచోట పండి ఒకేసారి శుద్ధి అయిన గింజలన్నింటికీ అదే నంబరు. కౌంటరు మీది కంప్యూటర్లో ఆ నంబరు కొట్టగానే గద్దె కింది పెట్టె ఇంటర్నెట్ మీద విత్తన కంపెనీ సర్వర్‌ను అడుగుతుంది, ఈ లాట్ మంచిదేనా అని. మంచిదైతే తెర పచ్చగా వెలుగుతుంది. మొలక సరిగా లేదని కంపెనీ ఆపేసిన లాటయితే ఎర్రగా వస్తుంది. ఈ మాటలు మధ్యలో ఎవరూ వినకుండా, మార్చకుండా తాళం వేసిన దారిలో నడుస్తాయి. వెబ్ చిరునామా పక్కన చిన్న తాళం గుర్తు కనిపిస్తుందే, ఆ దారి. అలా అడిగే అనుమతి కూడా కంపెనీ ఆ ఒక్క పెట్టెకే ఇచ్చింది. ఇంకో కంప్యూటర్ నుంచి అడిగితే అవతలివాళ్లు పలకరు. ఆ ప్రోగ్రాం రాసింది నేనే. బాగా రాశానని నా మీద నాకు గొప్ప నమ్మకం కూడా ఉండేది.

పెట్టె పెట్టిన కొత్తలో, యాసంగి మక్క గింజలు అమ్మే రోజుల్లో, ఒకసారి తెర పచ్చగానూ రాలేదు, ఎర్రగానూ రాలేదు. తెల్లగా ఉండిపోయింది. కంపెనీ నుంచి జవాబు వచ్చేచోట ఒక్క అక్షరం లేదు. తప్పు జరిగిందన్న మాట కూడా లేదు. నేను వచ్చి మోకాళ్ల మీద కూర్చుని రెండు రోజులు తన్నుకున్నాను. పెట్టెను ఆపి మళ్లీ వేశాను, వైర్లు మార్చాను, నా కోడ్‌లో నాలుగు చోట్ల కెలికాను. ఏమీ కాలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక పొద్దున దానంతట అదే పచ్చగా రావడం మొదలుపెట్టింది. ఎందుకు పోయిందో నాకు తెలియదు, ఎందుకు వచ్చిందో అంతకన్నా తెలియదు. పెద్దాయన ఫోన్ చేసి అడిగితే "ఇంట్ల నుంచే సరిచేశిన పెద్దాయనా" అని చెప్పాను. ఆయన మా ఇంటికి సంచెడు జామకాయలు పంపాడు. సిగ్గు లేకుండా తిన్నాను.

ఆ తెల్ల తెర ఉన్నన్నాళ్లూ పెద్దాయన ఒక్క ప్యాకెట్ అమ్మలేదు. అది మాత్రం నాకు బాగా గుర్తుంది. రైతులు వచ్చి గొణుక్కుంటే తెరను వాళ్ల వైపు తిప్పి చూపించేవాడు. "నాకే చెప్తలేదు, నీకేం చెప్పాలె. పచ్చగ వచ్చిననాడు రా" అనేవాడు. ఊళ్లలో ఆయన మాటకు అందుకే విలువ. ఆయన తెర తిప్పి చూపిస్తేనే గింజ కొనే ఆడవాళ్లు ఉండేవాళ్లు, చదువు రాకపోయినా రంగు చూసి.

ఈ ఏడు తొలకరికి ముందు ఆయన పోయాడు. పొద్దున షాపు తీసి, అగరొత్తులు వెలిగించి, గద్దె మీద కూర్చుని సగం చాయ్ తాగి వెనక్కి వాలాడట. అప్పటికి పది దాటింది. కబురు తెలిసి నేను పోయేసరికి పదిన్నర అయి ఉంటుంది. గద్దె మీంచి దించి షాపు ముందే చాప మీద పడుకోబెట్టారు. షటర్ సగం దింపి ఉంది. లోపల చీకట్లో గద్దె కింద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ఎవరో పోయి మెయిన్ స్విచ్ తీసేస్తే అదీ ఆరిపోయింది. మనిషి పోయిన ఇంట్లో అలాంటివన్నీ కళ్లకు అతుక్కుంటాయి. ఎందుకో చెప్పలేను.

పదకొండో రోజు కర్మ అయిపోయిన మర్నాడు షాపు తెరిచారు. పదీ ముప్పావుకు ఆ ఇంటి కోడలు నాకు ఫోన్ చేసింది. మామయ్య తర్వాత కౌంటరు ఆమెదే. ఆమె భర్త లైసెన్సు మీద పేరు మార్పించే పని మీద ఆఫీసుకు పోయాడు.

"అక్కా, షాపు తీసినం. పచ్చగ వస్తలేదు, ఎర్రగ వస్తలేదు. తెల్లగ వస్తాంది. జర వస్తవా" అంది.

గద్దె మీద ఇప్పుడు ఆయన ఫొటో ఉంది. దండ, ముందు దీపం, పక్కనే మడిచి పెట్టిన ఆయన తువ్వాల, కళ్లజోడు. ఏడాది దాకా దాని మీద ఎవరూ కూర్చోకూడదని ఇంట్లో అనుకున్నారట. నేను ఎప్పటిలాగే మోకాళ్ల మీద కూర్చుని గద్దె కింద తల పెట్టాను. పైన దీపం నూనె వాసన, కింద పెట్టె వెచ్చదనం. ఫ్యాను చప్పుడు ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉంది. ఎన్నోసార్లు విన్న చప్పుడే. ఆ రోజు మాత్రం నచ్చలేదు.

ఎరువు బస్తాల మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. అరవై దగ్గర ఉంటాయి. నర్సంపేట అవతల రెండెకరాలు కౌలుకు చేస్తుందట. నాలుగు పత్తి ప్యాకెట్లు గుడ్డసంచిలో పెట్టుకుని ఒళ్లో ఉంచుకుంది. ఆమె ప్యాకెట్ల మీది నంబరుకే తెర తెల్లగా వచ్చింది.

"సాళ్లకు అచ్చు తోలిపిచ్చిన బిడ్డా, ఆరుగురు కూలోళ్లు చేన్ల కూసున్నరు" అంది నాతో. "మబ్బు జూడు ఎట్లున్నదో. ఈ వాన పోతె మల్ల ఎన్నడో. పెద్దాయన పచ్చగ వస్తేనె తీస్కపొమ్మనేటోడు. జర జల్ది చూడు."

చూస్తున్నా అవ్వా అన్నాను. ఇంటర్నెట్ బాగానే ఉంది. నా ల్యాప్‌టాప్‌లో కంపెనీ వెబ్‌సైట్ తెరిస్తే తాళం గుర్తుతో సహా చక్కగా తెరుచుకుంది. అంటే అవతలివాళ్లు బతికే ఉన్నారు. కౌంటరు మీది తెర మాత్రం తెల్లగానే ఉంది. కంపెనీ వాళ్ల సహాయం నంబరుకు ఫోన్ చేస్తే ఒక ఆడగొంతు నా కాల్ వాళ్లకు చాలా ముఖ్యమని చెప్పి పాట పెట్టింది. ఆ పాట పావుగంట విన్నాను. అవ్వ ఫోన్ రెండుసార్లు మోగింది. రెండుసార్లూ "వస్తాన, వస్తాన" అంది.

అప్పుడు చిట్టా తెరిచాను. పెట్టె తను అడిగిన ప్రతి ప్రశ్ననూ తారీఖుతో, టైముతో, ప్రశ్నకో గీత చొప్పున ఒక ఫైల్లో రాసుకుంటుంది. దాన్ని మేం లాగ్ అంటాం. చివరి గీతలు చూస్తే ఎప్పుడు మాట ఆగిపోయిందో తెలుస్తుంది కదా అని కిందికి పోయాను.

చివరి గీతల మీద ఉన్నది పెద్దాయన పోయిన రోజు తారీఖు. టైము పొద్దున పదీ నలభై. లాట్ నంబరు అడిగారు, జవాబు ఖాళీ. మళ్లీ అడిగారు, ఖాళీ. మూడోసారి, ఖాళీ.

ఆ రోజు పదీ నలభైకి నేను ఈ షాపు ముందే నిలబడి ఉన్నాను. ఆయన చాప మీద ఉన్నాడు. ముక్కులో దూది పెట్టారు. షటర్ సగం దింపి ఉంది.

"మామయ్య పోయిననాడు పొద్దుగాల ఎవలన్న ప్యాకెట్లు అమ్మిండ్రా?" అని అడిగాను కోడల్ని. గొంతు మామూలుగా ఉండేలా జాగ్రత్తపడ్డాను. పడలేకపోయాననుకుంటా.

"ఎవలమ్ముతరక్కా? పదింటికే పాయె. కౌంటర్ దిక్కు ఎవలు పోలే" అంది. "ఎందుకడుగుతానవ్?"

చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత ఇంకొకటి నేను చూడనిది ఆమె చూసింది. ఆ గీతలకు పైన అంతకు ముందు పదకొండు రోజులు ఒక్క గీత కూడా లేదు. ఆ పదకొండు రోజులూ షాపు తీసే ఉంది. మామయ్య ఈ గద్దె మీదే కూర్చుని రోజూ గింజలు అమ్మాడు. ఆయన బతికి ఉన్న రోజులు చిట్టాలో లేవు. ఆయన పోయిన రోజు మాత్రం ఉంది, అదీ ఆయన పోయాక.

కోడలు పోయి దీపంలో నూనె పోసి వచ్చింది. నాకు భయం వేసింది. దెయ్యాలూ భూతాలూ అని ఎవరైనా అంటే మొహం మీదే నవ్వే మనిషిని నేను. ఆ గద్దె కింద మళ్లీ తల పెట్టబుద్ధి కాలేదు. పెట్టె ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆయన షాపు పని సగంలో వదిలి పోయే మనిషి కాదన్న ఆలోచన ఒకటి వచ్చి కూర్చుంది, ఎంత తోసినా పోలేదు.

సరిగ్గా అప్పుడే అవ్వ లేచి వచ్చి నా వెనక నిలబడింది. "ఏం జెయ్యమంటవ్ బిడ్డా?"

ఈ ఒక్క నిమిషం గురించే ఇదంతా రాస్తున్నాను. నాకు తెలియదు అనాల్సింది. ఆ మాట నా నోటికి ఎప్పుడూ రాదు. పైగా భయపడ్డానని ఎవరికీ తెలియకూడదు. ఆమె పోతే తలుపులు వేసుకుని నింపాదిగా చూసుకోవచ్చనిపించింది. విసుగ్గా తల తిప్పకుండానే అన్నాను.

"తెల్లగ వచ్చిందంటే తప్పేం లేనట్టే అవ్వా. తప్పుంటే ఎర్రగ వస్తుండె. తీస్కపో, వాన దాటిపోతది."

ఆమె నా వైపు చూడలేదు. గద్దె మీది ఫొటో వైపు చూసింది, కాసేపు. కోడలు నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. చదువుకున్నదాన్ని నేను, నా ముందు ఆమె ఏమంటుంది. అవ్వ సంచి భుజాన వేసుకుని బస్‌స్టాండు వైపు వెళ్లిపోయింది. అప్పటికి పదకొండున్నర.

ఆ తర్వాత గంటన్నరా నా కోడ్‌ను వరస వరసగా చదివాను. ఏమీ దొరకలేదు. చివరికి, ఆ అవ్వ లాట్ నంబరు ఇంకోసారి కొట్టు చూద్దాం అన్నాను కోడలితో. ఆమె కొట్టింది. నా కళ్ల ముందే చిట్టా అడుగున కొత్త గీత పడింది. ఖాళీ జవాబు. తారీఖు, ఆయన పోయిన రోజు. టైము పన్నెండు యాభై ఎనిమిది.

గోడ గడియారం చూశాను. పన్నెండు యాభై ఎనిమిది.

అంటే చిట్టా ఆగిపోలేదు. ఇప్పుడు, మా ఇద్దరి ముందు, నడుస్తోంది. ఆ రోజులో నడుస్తోంది. కోడలు కుర్చీ వెనక్కి జరిపింది. మనసులో ఏదో చదువుకుంటోంది, పెదాలు కదులుతున్నాయి. చదువుకుంటూనే తెర మీది నంబరు చూసి ఆగింది.

"అక్కా, ఈ లాట్ నిన్న పొద్దుమీకి లారీల దిగింది. పెట్టెలు నేనే లెక్కవెట్టిన. మామయ్య ఉన్ననాడు ఈ గింజలే లేవు. లేని గింజల సంగతి ఆయన ఎట్ల అడుగుతడు?"

ఆ మాట నన్ను నిద్ర లేపింది. అడిగింది ఆయన కాదు. పదీ నలభై గీతలు ఈ పొద్దున కోడలు కొట్టినవే, అవ్వ ప్యాకెట్ల కోసం. రాత కొత్తదే. తారీఖే పాతది. గద్దె కింద తల పెట్టి పెట్టెను ఒకే ఒక్క మాట అడిగాను, ఈరోజు ఏ రోజు అని. ప్రోగ్రాములు రాసేవాళ్లు మొట్టమొదట నేర్చుకునే ప్రశ్న అది. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ అడగలేదు. అది ఏమాత్రం తడుముకోకుండా ఆయన పోయిన రోజు తారీఖు చెప్పింది.

పెట్టె పదకొండు రోజులు వెనక బతుకుతోంది. దానికి ఇంకా ఆ రోజే. కరెంటు తీసినా చిన్న బ్యాటరీ మీద దాని గడియారం నడుస్తూనే ఉంది, చిట్టాలోని పదకొండు రోజుల ఖాళీ షాపు మూసి ఉన్న రోజులదే.

"దీని తారీఖు ఎవలు మార్చిండ్రు?" అన్నాను.

కోడలు కొంచెం ఆలోచించింది. "ఆన్ చేసిననాడు మామయ్యనే మార్పిచ్చిండు" అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతి అన్నట్టు. "అయ్యగారు ముహూర్తం పెట్టిండు కద. ఆ దినానికి పెట్టె హైదరాబాద్ నుంచి రాకపాయె. నువ్వు గూడ వచ్చి ఎల్లిపోతివి. అది వచ్చేవరకు మూఢం పడ్డది. ఇగ రెండు నెలలు ముహూర్తాలు లేవన్నరు. మామయ్య ఏమన్నడంటె, ముహూర్తం మనకు దాటింది గని పెట్టెకు దాటలే కద, దాని తారీఖు పదకొండు దినాలు ఎనకకు తిప్పి ఆ గడియకే ఆన్ చెయ్యుమన్నడు. కంప్యూటర్ల దుకాణపాయన తిప్పిండు. మల్ల అదే సరిచేసుకుంటదేమో అని అది గూడ బంద్ పెట్టిండు. టెంకాయ కొట్టినం."

"మరి నాకు చెప్పలేదేంది?"

"నువ్వు అడగలేదు కదక్కా."

మిగతాదంతా నాకు ఒక్కసారిగా అర్థమైంది. అది ఇంత సులువుగా ఉండటమే నా సిగ్గు. తాళం వేసిన దారిలో మాట మొదలయ్యే ముందు అవతలి సర్వర్ తను ఎవరో చెప్పే సర్టిఫికెట్ చూపిస్తుంది. దాని మీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుందని ఉంటుంది. కొన్ని నెలలకోసారి కంపెనీ పాతది తీసి కొత్తది పెడుతుంది. ఈసారి కొత్తది పెట్టి ఐదు రోజులయింది. మనకు ఐదు రోజుల కిందటిది. పెట్టెకు మాత్రం అది ఇంకో ఆరు రోజులకు గానీ పుట్టని కాగితం. రాబోయే తారీఖు వేసిన కాగితం చూపించేవాడిని అది నమ్మలేదు. తలుపు వేసేసింది. తప్పు దానిది కాదు, దాని పద్ధతిలో అది నిజాయితీగానే ఉంది. యాసంగిలో జరిగిందీ ఇదే. పదకొండు రోజులు గడవగానే పెట్టె ఆ కాగితం పుట్టిన రోజుకు చేరుకుంది, తలుపు తీసింది. మధ్యలో గింజలు అమ్మని రోజుల్లో కూడా ఇలా జరిగే ఉంటుంది, ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. నేను జామకాయలు తిన్నది ఈ ఘనకార్యానికి.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పెట్టె దాచిపెట్టలేదు. తలుపు ఎందుకు వేశానో చెప్పడానికి అది ప్రతిసారీ సిద్ధంగా ఉంది. కారణం అడిగే రెండు వరసలు నేనే రాయలేదు. జవాబు వస్తే తీసుకో, రాకపోతే ఖాళీ ఇచ్చి ఊరుకో అని ఎన్నో ఏళ్ల కిందట రాసిన ముక్కను ప్రతి షాపులోనూ అతికిస్తూ వచ్చాను. ఇప్పుడు ఆ రెండు వరసలు చేర్చి అడిగాను. సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు అని వెంటనే చెప్పింది. అంత చిన్న మాట.

తారీఖు మార్చే ఆజ్ఞ టైపు చేసి ఆగాను. కోడలు నా పక్కన నేల మీద కూర్చుంది.

"మారిస్తే ఏమైతది?"

"ఏం కాదు. పదకొండు రోజులు ముందలికి వస్తది."

"అంటే దానికి మామయ్య ఈ పొద్దుగాలనే పోయిండు" అంది మెల్లగా. "మనం ఇంకా ఏడుస్తనే ఉన్నం అండ్ల."

నాకు కళ్లు మండాయి. ఆమె తువ్వాల అంచు సరిచేసి "సరే అక్కా, మార్చు" అంది. నొక్కాను. ఏమీ జరగలేదు. ఫ్యాను అలాగే తిరిగింది, పచ్చ దీపం అలాగే వెలిగింది. ఈ ఇంట్లోవాళ్లు రోజు రోజూ మోసిన పదకొండు రోజులు దానికి రెప్పపాటులో అయిపోయాయి.

కోడలు లేచి అవ్వ లాట్ నంబరు కొట్టింది.

తెర ఎర్రగా వచ్చింది.

మొలక సరిపోలేదు, అమ్మకం ఆపండి అని ఉంది. రెండు రోజుల కిందటే ఆపారట. అప్పటికే సరుకు లారీ ఎక్కింది. కోడలు అవ్వ నంబరుకు చేసింది. అందుబాటులో లేదు. మళ్లీ చేసింది. నేను అప్పటికే స్కూటీ తాళాలు తీసుకున్నాను. అదే రకం గింజ, వేరే లాటుది, పచ్చగా వచ్చినవి రెండే ప్యాకెట్లు ఉన్నాయి. మిగతా సరుకు ఇంకో వారానికి గానీ రాదు. ఆ రెండూ సంచిలో వేసి ఆమె నా చేతికిచ్చింది. ఊరి పేరు, చేను గుర్తు కాగితం మీద రాసిచ్చింది.

నర్సంపేట రోడ్డు నాకు కొత్తది కాదు. ఆ మధ్యాహ్నం మాత్రం గుర్తుపట్టలేకపోయాను. మబ్బు కిందికి దిగి పసుపు వెలుతురు పరుచుకుంది. పట్టపగలు దుకాణాల్లో లైట్లు వేశారు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. దారి పొడుగునా చేలల్లో ఆడవాళ్లు వంగి ఉన్నారు, స్కూటీ చప్పుడుకు కూడా ఎవరూ తల ఎత్తలేదు. నేను ఎంత తొందరగా పోతున్నా అక్కడికి చేరేసరికి అది జరిగిపోయి ఉంటుందని, ఎప్పుడో జరిగిపోయిందని, దాని వెనకాల నేను పోతున్నానని అనిపించింది.

చేను దొరికింది. ఆరుగురు ఆడవాళ్లు వరసగా వంగి, అచ్చు గీసిన చోట వేలితో గుంట చేసి, గింజ వేసి, మట్టి కప్పుతున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. గింజ కప్పి అరచేత్తో మెల్లగా తట్టే చప్పుడొక్కటే వినిపిస్తోంది. గట్టు మీద రెండు ఖాళీ ప్యాకెట్లు, ఎగిరిపోకుండా వాటి మీద రాయి. అవ్వ నన్ను చూసి నడుం ఎత్తింది. నేను ఇంకా ఏమీ అనకముందే ఆమె మొహం మారింది.

"ఎర్రగ వచ్చింది అవ్వా" అన్నాను.

ఆమె ఒక్క మాట తిట్టినా బాగుండేది. వెనక్కి తిరిగి, అప్పటికే గింజలు పెట్టిన ఎకరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. తర్వాత కూలివాళ్లను ఆగమంది. మిగిలిన రెండు ప్యాకెట్లు నాకిచ్చి, నేను తెచ్చిన రెండు తీసుకుంది. మొదటి చినుకు నా చేతి మీద పడింది. వాళ్లు మళ్లీ వంగారు. వాన పెద్దదయ్యేలోపు రెండో ఎకరం అయిపోవాలి. నేను కూడా చెప్పులు విప్పి చేలోకి దిగాను. ఎలా పెట్టాలో రాక గుంటలు లోతుగా తీస్తుంటే ఒకామె నా చేయి పట్టుకుని చూపించింది.

తొమ్మిదో రోజు మళ్లీ పోయాను. పోకుండా ఉండలేకపోయాను. రోజూ రాత్రి కళ్లు మూసుకుంటే ఆ తెల్ల తెరే కనిపించేది, తెర కింద మట్టి.

రెండో ఎకరంలో అచ్చు అచ్చుకూ రెండేసి ఆకులు. గాలికి చిన్నగా ఊగుతున్నాయి. దాని పక్కనే మొదటి ఎకరం నల్లగా, నున్నగా ఉంది. వానకు అణిగిన మట్టి మీద ఎక్కడా పచ్చదనం లేదు. పక్కపక్కనే ఉన్న రెండు ముక్కలు ఒక చేనులా లేవు. గట్టు మీద నిలబడి చూస్తుంటే ఆ నల్లటి ముక్క నన్నే చూస్తున్నట్టనిపించి చూపు తిప్పుకున్నాను.

అవ్వ గట్టు మీంచి లేచి వచ్చింది. కొత్త సరుకు దిగిందనీ ప్యాకెట్లు కోడలు పంపిందనీ చెప్పింది. మళ్లీ వాన పడితే పెట్టాలి. "ఈ ఎకరం ఇగ ఎనకవడ్డట్టే బిడ్డా. ఎప్పుడు పూత వట్టాలె, ఎప్పుడు కాయ వలగాలె" అంది. వంగి ఒకచోట వేలితో మట్టి తీసింది. ఉబ్బి మెత్తబడిన గింజ ఒకటి నా అరచేతిలో పెట్టింది. కుళ్లు వాసన వచ్చింది. పైకి ఏమీ లేనట్టు కనిపించే ఆ మట్టి కింద, ప్రతి గుంటలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది.

"నాదే తప్పు అవ్వా. నాకు తెల్వకనే తీస్కపొమ్మన్న" అన్నాను. ఆ మాట అనడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

"నాకు అనుమానమే ఉండె" అంది ఆమె. గొంతులో కోపం లేదు. "తెల్లగ వస్తే పెద్దాయన పోనియ్యకపోయేటోడు. నువ్వు సదువుకున్నదానివి, చెప్తానవ్ గద అని పోయిన."

తర్వాత రెండో ఎకరం దగ్గరగా చూద్దువు రమ్మని నడిచింది. దగ్గరి దారి ఆ ఖాళీ ఎకరం మధ్యలోంచే. అక్కడ తొక్కితే పోయేది ఏమీ లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆమె గింజ పెట్టిన చోట ఒక్కదాని మీద కూడా కాలు పడకుండా సాళ్ల మధ్యలోనే చూసుకుంటూ నడిచింది. నేను చేతిలో గింజ అలాగే పట్టుకుని ఆమె అడుగుల్లో అడుగులు వేసుకుంటూ వెనక నడిచాను.